ఐస్ స్కేట్లు ఇప్పుడే వద్దు, ముందు మడమ కుదిరే బూటు చూడండి

ప్రశ్న: మా పాప ఐదో తరగతి. ఏడాదిగా విశాఖ బీచ్ రోడ్డులో వీఎంఆర్‌డీఏ పార్కు రింకుకి చక్రాల స్కేటింగ్ నేర్చుకోవడానికి తీసుకెళ్తున్నాం. టీవీలో ఒలింపిక్స్ ఫిగర్ స్కేటింగ్ చూసినప్పటి నుంచి ‘నేనూ ఐసు మీద అలా తిరుగుతా’ అని ఒకటే పట్టు. ఆన్‌లైన్‌లో సెకండ్ హ్యాండ్ ఐస్ స్కేట్లు కనిపించాయి. కొనమంటారా? దీంట్లో భవిష్యత్తు ఉందా? చదువు పాడవుతుందని మావారికి టెన్షన్.
– ఒక తల్లి, గాజువాక

జవాబు: అమ్మా, ఆ స్కేట్లు కొనకండి. పాప కోరికలో తప్పేం లేదు. కానీ అవి కొన్నా రోజూ తొడుక్కుని సాధన చేయడానికి మన ఊళ్లో ఐసు లేదు. పోటీలు జరిగే రింకు 60 మీటర్ల పొడవు, 30 మీటర్ల వెడల్పు ఉంటుంది. మన దేశంలో అలాంటిది డెహ్రాడూన్‌లో ఉంది. 2011 దక్షిణాసియా శీతాకాల క్రీడల కోసం కట్టారు, ఏళ్ల తరబడి మూతపడి 2025లో మళ్లీ తెరిచారు. గురుగ్రామ్‌లో ఒక మాల్‌లో చిన్న రింకు ఉంది. సెలవుల్లో పది రోజులు వెళ్లిరావచ్చు. మిగతా ఏడాదంతా ఆ స్కేట్లు అటక మీదే ఉంటాయి. ఈలోగా పాప పాదం పెరిగిపోతుంది.

సెకండ్ హ్యాండ్ అంటే ఇంకో చిక్కు. బూటు చీలమండ దగ్గర వేరే బిడ్డ కాలికి తగ్గట్టు మడతపడి ఉంటుంది. ఇక బ్లేడు. అది దాదాపు 4 మిల్లీమీటర్ల మందం. దాని అడుగున పొడవునా సన్నని గాడి ఉంటుంది. ఆ గాడికి అటూ ఇటూ ఉన్న రెండు అంచుల్లో దేని మీద నిలబడ్డామన్నదే ఫిగర్ స్కేటింగ్ అంతా. కొన్ని పదుల గంటలు ఆడాక గాడిని మళ్లీ సాన పట్టించాలి, దానికి ప్రత్యేకమైన యంత్రం కావాలి. కత్తులకు సాన పట్టేవాళ్లకి ఇస్తే గాడి పోతుంది, బ్లేడు పనికిరాదు.

మరి పాప ఏం చేయాలి? చక్రాల మీదే ఫిగర్ స్కేటింగ్ ఉంది, ఆర్టిస్టిక్ రోలర్ స్కేటింగ్ అంటారు. సంగీతం, స్పిన్నులు అన్నీ ఉంటాయి. టో లూప్, సాల్కో, లూప్, ఫ్లిప్, లట్జ్, ఆక్సెల్ అని జంపుల పేర్లూ అవే. హైదరాబాద్ కుర్రాడు అనూప్ కుమార్ యామా 2010 గ్వాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో ఇందులోనే రెండు కాంస్యాలు తెచ్చాడు, తర్వాత అర్జున అవార్డు అందుకున్నాడు. ఐసు లేని ఊళ్లో పెరిగే పిల్లకి ఇంతకంటే దగ్గరి దారి నాకు కనిపించడం లేదు. అంచు మీద ఒరగడం, ఒంటికాలి మీద వెనక్కి దిగడం, చేతులు దగ్గరికి లాక్కుని తిరగడం ఇక్కడే వంటబడతాయి. ఐసు మీదకి వెళ్లాక ఆగే పద్ధతి, జారే తీరు మాత్రం కొత్తగా నేర్చుకోవాలి.

ముందు మీ కోచ్‌ని ఒకటి అడగండి: పాప నేర్చుకుంటున్నది స్పీడా, ఆర్టిస్టిక్కా? ఒకే వరసలో పెద్ద చక్రాలు, పొట్టి బూటు ఉంటే అది స్పీడ్ స్కేటు. ఆర్టిస్టిక్ బూటు చీలమండ పైదాకా వస్తుంది, మడమ ఎత్తుగా ఉంటుంది, ముందు రెండు, వెనక రెండు చక్రాలు, వేలి కింద రబ్బరు స్టాపర్. ఐస్ బ్లేడులా ఒకే వరస చక్రాలుండే ఆర్టిస్టిక్ స్కేట్లు కూడా ఉన్నాయి, అవి తర్వాత చూసుకోవచ్చు.

బూటు కొనేటప్పుడు ‘పెరిగే పిల్లే కదా’ అని రెండు సైజులు పెద్దది తీసుకోకండి. నా దగ్గరికి వచ్చిన ఒక తండ్రి అలాగే కొన్నారు. లోపల పాదం కదిలి ఆ పిల్లాడి చీలమండలు ఒరుసుకుపోయాయి, వాడు నెల తిరక్కుండా మానేశాడు. పల్చటి సాక్స్ ఒక్కటే వేసి, మడమ వెనక్కి నొక్కి, లేసులు కట్టి, మోకాళ్లు వంచమనండి. మడమ పైకి లేస్తే ఆ సైజు వద్దు. మరీ గట్టి బూటూ వద్దు, చీలమండ వంగకపోతే మోకాలు వంగదు. మన సముద్రపు గాలికి బేరింగులు తుప్పు పడతాయి కాబట్టి ఇంటికి రాగానే తుడిచి ఆరబెట్టండి. హెల్మెట్, మోకాలి ప్యాడ్లు, మణికట్టు గార్డుల విషయంలో బేరం లేదు.

స్కేట్లు లేని రోజు స్కిప్పింగ్, ఒంటికాలి మీద నిలబడటం, గెంతి ఒక కాలి మీద మోకాలు వంచి దిగడం చేయించండి. కూచిపూడి నేర్పిస్తే ఇంకా మంచిది, అరమండి తొడలకి ఇచ్చే బలం స్కేటింగ్‌కి నేరుగా పనికొస్తుంది. పడటం కూడా నేర్పాలి: మోకాళ్లు వంచి, పక్కకి, పిడికిళ్లు బిగించి. ఆక్సెల్‌కి మాత్రం తొందరపెట్టకండి. ముందుకు చూస్తూ ఎగిరి ఒకటిన్నర చుట్టు తిరగాలి, మంచి పిల్లలకీ ఏళ్లు పడుతుంది.

భవిష్యత్తు సంగతి ఉన్నదున్నట్టు చెబుతాను. మన దేశంలో పోటీల డబ్బుతో బతకడం కుదరదు. పై స్థాయికి వెళ్తే ఐసు బూటు, బ్లేడు కలిపి లక్ష రూపాయలు దాటుతాయి. భారత్ తరఫున ఐసు మీద ఆడుతున్న ఫిగర్ స్కేటర్ తారా ప్రసాద్ పుట్టి పెరిగింది అమెరికాలో. అయితే కేంద్ర ప్రభుత్వ ఉద్యోగాల స్పోర్ట్స్ కోటా జాబితాలో రోలర్ స్కేటింగ్, ఐస్ స్కేటింగ్ రెండూ ఉన్నాయి. గుర్తింపు ఉన్న సంఘం పోటీల సర్టిఫికెట్లు జాగ్రత్తగా దాచండి. కోచింగ్, జడ్జింగ్, ఫిజియోథెరపీ వైపు కూడా దారులున్నాయి. ఐసు మీద అంతర్జాతీయ సీనియర్ పోటీలకి ఇప్పుడు కనీస వయసు 17. పాపకి చాలా సమయం ఉంది, కాబట్టి రెండేళ్లు చక్రాల మీదే ఉంచండి, బడి యథాతథంగా సాగనివ్వండి. అప్పటికీ ఇదే పట్టు ఉంటే ఒక వేసవికి డెహ్రాడూన్ తీసుకెళ్లి అద్దె స్కేట్లతో చూడండి.

మీవారిని ఒక ఆదివారం పొద్దున్నే రింకుకి రమ్మనండి. పాప ఒంటికాలి మీద, బయటి అంచున, అర్ధచంద్రం గీసినట్టు వెళ్తుంటే ఆయన కళ్లారా చూడాలి. ఆ తర్వాత ముగ్గురూ కూర్చుని వారానికి ఎన్ని రోజులో, హోంవర్క్ ఎప్పుడో రాసుకోండి.