యుద్ధకాలపు ఫోటోలో ఎవరెవరో తేల్చాలంటే ముఖం ఆఖర్న చూడండి

ప్రశ్న: రెండో ప్రపంచ యుద్ధం నాటి ఫోటోలు పెట్టుకుని అందులో ఎవరెవరున్నారో కనుక్కోవడం మా మిత్రుల ఆదివారం సరదా. జోకులు బోలెడు పేలతాయి గానీ ఎవరి మాట నిజమో తేలదు. ఇప్పుడు నేతాజీ ఉన్న 1943 టోక్యో ఫోటో మీద వాదన నడుస్తోంది. వరసలో ఐదో మనిషి థాయ్ ప్రధాని ఫిబున్ అని సగం మంది, కాదని సగం మంది. గట్టిగా తేల్చుకునే పద్ధతి ఉందా? మాలో ఒకరి దగ్గర వాళ్ళ తాతగారు బర్మా యుద్ధానికి వెళ్ళినప్పటి ఫోటో కూడా ఉంది. దాన్నెలా చదవాలి?

జవాబు:

ముందు మీ తగువు తీర్చేస్తాను. ఐదో ఆయన ఫిబున్ కాదు, యువరాజు వాన్ వైతయాకోన్. 1943 నవంబరు 5, 6 తేదీల్లో టోక్యోలో జరిగిన మహా తూర్పు ఆసియా సమావేశం నాటి ఫోటో అది. ఎడమ నుంచి వరసగా బర్మా నేత బా మా, జపాన్ చెప్పుచేతల్లోని మంచుకువో రాజ్య ప్రధాని ఝాంగ్ జింగ్‌హుయి, నాన్‌జింగ్ (చైనా) కీలుబొమ్మ ప్రభుత్వాధినేత వాంగ్ జింగ్‌వెయి, జపాన్ ప్రధాని తోజో, వాన్ వైతయాకోన్, ఫిలిప్పీన్స్ అధ్యక్షుడు హోసే లారెల్, కుడి చివర సుభాస్ చంద్రబోస్. ఫిబున్ టోక్యో వెళ్ళలేదు, తన తరఫున వాన్‌ను పంపాడు. ఫిబున్ అన్నవాళ్ళు ముఖం చూసి అనలేదు. మిగతా దేశాల నుంచి అధినేతలు వచ్చారు కాబట్టి థాయ్ నుంచీ ప్రధానే వచ్చుంటాడని లెక్కేసుకున్నారు. రావలసినవాడు వచ్చే ఉంటాడనుకోవడం దగ్గరే ఎక్కువమంది పప్పులో కాలేస్తారు. అందుకే ఏ ఫోటోకైనా తేదీ తెలియగానే ఆ రోజు అక్కడికి నిజంగా ఎవరొచ్చారో జాబితా దొరుకుతుందేమో వెతకండి. దొరికితే సగం పని అయినట్టే.

అదే ఫోటోలో నిలబడిన తీరు కూడా చూడండి. మన పెళ్ళి గ్రూపు ఫోటోలో ఎవరు ఎక్కడ నిలబడ్డారో చూసి చుట్టరికం చెప్పేస్తాం కదా, ఇదీ అంతే. ఏడుగురిలో సరిగ్గా మధ్యన, నాలుగో స్థానంలో ఆతిథ్యమిచ్చిన తోజో. చివర్న బోస్. ఆయన ఆజాద్ హింద్ ప్రభుత్వం ఏర్పడింది 1943 అక్టోబరు 21న, అంటే అప్పటికి రెండు వారాలే. సమావేశానికి ఆయన వచ్చింది పరిశీలకుడి హోదాలో. ఎక్కడైనా ఇదే ఫోటోలో బోస్ ఎడమ చివర కనిపిస్తే, ఎవరో దాన్ని అద్దంలో బొమ్మలా తిప్పేశారని అర్థం.

ఇక పద్ధతి. ముఖాన్ని ఆఖర్న చూడాలి. ఎవరైనా ఒక పేరు చెప్పగానే మన కన్ను ఆ పేరుకు తగ్గ పోలికలే ఏరుకుంటుంది, తర్వాత వేరేగా చూడమన్నా చూడలేదు. గుండ్రటి కళ్ళద్దాలు కనిపిస్తే బోస్, బెరె టోపీ కనిపిస్తే బ్రిటిష్ సేనాని మాంట్‌గోమరీ, ముక్కు కింద చిన్న మీసం కనిపిస్తే ఇంకెవరో మీకే తెలుసు. గ్రూపులో నవ్వుకోవడానికి ఇది బాగుంటుంది. పేరు ఖాయం చేయడానికి మాత్రం బట్టలు, పట్టీలు, గుండీలు, బూట్లు కావాలి.

దీనికి జపాన్ దీవి ఇవో జిమా ఫోటోను మించిన ఉదాహరణ లేదు. 1945 ఫిబ్రవరి 23న సురిబాచి కొండ మీద ఆరుగురు అమెరికన్ సైనికులు జెండా నిలబెడుతుండగా జో రోసెంతాల్ తీసిన ఫోటో ప్రపంచమంతా చూసింది. అందులో ఒక్క ముఖమూ సరిగ్గా కనిపించదు. మొదట ఇచ్చిన ఆరు పేర్లలో మూడు తప్పని తేలడానికి 74 ఏళ్ళు పట్టింది. హాంక్ హాన్సెన్ అనుకున్నది హార్లన్ బ్లాక్ అని 1947లో ఒప్పుకున్నారు. 2016లో జాన్ బ్రాడ్లీ పేరు తీసేసి హెరాల్డ్ షుల్జ్ పేరు చేర్చారు. 2019లో రెనే గాన్యోన్ పేరు పోయి హెరాల్డ్ కెల్లర్ పేరు వచ్చింది. మైకేల్ స్ట్రాంక్, ఫ్రాంక్లిన్ సౌస్లీ, ఐరా హేస్ పేర్లు మాత్రం మొదటినుంచీ ఉన్నాయి.

2016 సవరణకు దారి తీసింది మీలాంటి ఔత్సాహికులే. ఐర్లండ్‌లో ఒకరు, అమెరికాలోని ఒమాహాలో ఒకరు. వాళ్ళు చూసినవి ఏమిటో గమనించండి. బ్రాడ్లీ నేవీ వైద్య సహాయకుడు. ఆ రోజే తీసిన వేరే ఫోటోల్లో ఆయన ప్యాంటు కింద అంచులు పైకి మడిచి ఉన్నాయి, నడుముకు పిస్తోలు బెల్టు, మందుల సంచులు ఉన్నాయి. జెండా ఫోటోలో బ్రాడ్లీ అనుకున్న మనిషికి ప్యాంటు మడత లేదు. నడుముకు తూటాల బెల్టు, దానికి తీగలు కత్తిరించే కటింగ్ ప్లయర్ వేలాడుతున్నాయి. హెల్మెట్ కింద బట్ట టోపీ అంచు కనిపిస్తోంది, బ్రాడ్లీ అలాంటిది పెట్టుకోలేదు. జెండా ఎత్తే ఆ కాసేపట్లో ఎవరూ ఇన్ని మార్చుకోరు. ఆ మనిషి సౌస్లీ అని తేలింది. మరి అంతవరకూ సౌస్లీ అనుకున్నవాడెవరు? అక్కడ పట్టిచ్చింది రెండు చిన్న లోపాలు. హెల్మెట్ లోపలి పట్టీ తెగి ఎడమవైపు వేలాడుతోంది. రైఫిల్ తోలు పట్టీ ముందు కొస మామూలు రింగుకు కాకుండా వేరే రింగుకు తగిలించి ఉంది. ఈ రెండూ కలిసి ఉన్న సైనికుడు అదే రోజు ఫోటోల్లో ఒక్కడే, షుల్జ్. ఆయన లాస్ ఏంజెలెస్‌లో తపాలా శాఖ ఉద్యోగిగా బతికి 1995లో పోయాడు. ఆ ఫోటోలో ఉన్నది తానేనని లోకానికి చాటుకోలేదు. 2019 సవరణకు రోసెంతాల్ పక్కనే నిలబడి బిల్ జెనౌస్ట్ తీసిన సినిమా రీలు పనికొచ్చింది.

దీన్నుంచి మీరు తీసుకోవలసిన నియమం ఒక్కటే. ఒంటరి ఫోటోతో కుస్తీ పట్టొద్దు. అదే రోజు, అదే చోట తీసినవి ఎన్ని దొరికితే అన్ని పక్కపక్కన పెట్టండి. యూనిఫారం అందరికీ ఒకటే గాబట్టి యూనిఫారంలో తేడా చూడాలి. చిరుగు, మడత, తెగిన పట్టీ, జేబు గుండీ ఊడిపోవడం, ఉంగరం, చేతి గడియారం ఏ చేతికుందన్నది.

అన్నిటికంటే ముందు చేయాల్సింది ఫోటో తిరగబడిందేమో చూడటం. మగవాళ్ళ కోటుకు ఎడమ వైపు అంచు పైకి వస్తుంది. పతకాల రిబ్బన్లు ఎడమ రొమ్ము మీద ఉంటాయి. జర్మన్ సైన్యం, వాయుసేన వాళ్ళకు గద్ద గుర్తు కుడి రొమ్ము మీద, ఎస్‌ఎస్ (నాజీ పార్టీ సాయుధ దళం) వాళ్ళకు ఎడమ చేతి మీద. హిట్లర్ పాపిట ఆయనకు కుడివైపు. వీటిలో రెండు తారుమారైతే తిప్పి చూసుకుని అప్పుడే ముందుకెళ్ళండి. లేకపోతే "ఎడమ నుంచి" అని రాసిన పేర్లన్నీ వేరేవాళ్ళకు అంటుకుంటాయి.

తర్వాత తేదీ. ఫోటో వెనక ఏం రాసి ఉన్నా, బట్టలు చెప్పిన తేదీనే నమ్మండి. సోవియట్ అధికారుల భుజాల మీద వెడల్పు పట్టీలుంటే 1943 జనవరి తర్వాతది, అంతకుముందు హోదా గుర్తులు కాలరు మీదే ఉండేవి. అమెరికన్ సేనాని భుజాన ఐదు నక్షత్రాలుంటే 1944 డిసెంబరు మధ్యనుంచి ఇటుది. అమెరికన్ విమానం నక్షత్రం నడుమ ఎర్ర చుక్క ఉంటే 1942 మే నాటికో అంతకు ముందుదో, నక్షత్రానికి రెండు పక్కలా అడ్డపట్టీలుంటే 1943 జూన్ తర్వాతది.

మిత్రరాజ్యాల ముగ్గురు పెద్దల సమావేశాల ఫోటోలు తరచూ కలగలుస్తాయి. స్టాలిన్, రూజ్‌వెల్ట్, చర్చిల్ ఎడమ నుంచి ఈ వరసలో కూర్చుని, చర్చిల్ వాయుసేన దుస్తుల్లో ఉంటే టెహరాన్, 1943. చర్చిల్ ఎడమన పొడుగు సైనిక కోటులో, రూజ్‌వెల్ట్ నడుమ భుజాల మీద కేప్ కప్పుకుని, స్టాలిన్ కుడివైపున ఉంటే యాల్టా, 1945 ఫిబ్రవరి. ట్రూమన్ ఉంటే పోట్స్‌డామ్. పోట్స్‌డామ్‌లో బ్రిటన్ కుర్చీలో చర్చిల్ బదులు అట్లీ కూర్చుంటే 1945 జులై 26న ఎన్నికల ఫలితాలు వచ్చిన తర్వాతది. అందులో వెనక నిలబడ్డవాళ్ళు ఎడమ నుంచి లీహీ, బెవిన్, బర్న్స్, మొలొతోవ్.

ఇప్పుడు ముఖానికి రండి. అందులోనూ కన్ను, ముక్కు కంటే చెవి నమ్మకస్థురాలు. వయసుతో తమ్మె సాగుతుంది గానీ చెవి లోపలి మడతల తీరు మారదు. తమ్మె చెంపకు అతుక్కుందా, విడిగా వేలాడుతోందా చూడండి. పోల్చే రెండు ఫోటోల్లో తల ఒకే కోణంలో ఉండాలి, లేకపోతే పోలికకు అర్థం లేదు. చేతులూ వదలొద్దు. 1944 మేలో జర్మన్లను మభ్యపెట్టడానికి మాంట్‌గోమరీ వేషంలో జిబ్రాల్టర్ వెళ్ళిన నటుడు క్లిఫ్టన్ జేమ్స్ ముఖం అచ్చు మాంట్‌గోమరీదే, కానీ కుడి చేతి నడిమి వేలు లేదు. దొంగ వేలు తగిలించి పంపారు. ముఖం ఒక్కదాన్నే పట్టుకుంటే ఎక్కడికి వెళ్తామో తెలుసుకోవాలంటే 1966 తాష్కెంట్ ఫోటో చూడండి. ప్రధాని లాల్ బహదూర్ శాస్త్రిగారి దగ్గర కనిపించే ఒకాయన నేతాజీయే అని ముఖం కొలతలతో వాదించారు. దానికి తోడుగా నిలిచే కాగితం గానీ సాక్ష్యం గానీ ఏదీ లేనప్పుడు అది పోలిక మాత్రమే, గుర్తింపు కాదు.

పాత ఫోటోను కృత్రిమ మేధతో పదును పెట్టే యాప్‌లు, రంగులద్దే యాప్‌లు గుర్తింపు పనికి అసలు వాడొద్దు. లేని కనురెప్పలు, లేని గుండీలు గీసి పెడతాయి. పోస్టుకార్డు సైజు ప్రింటును 600 డీపీఐ, పాస్‌పోర్టు సైజైతే 1200 డీపీఐతో టిఫ్ ఫైలుగా స్కాన్ చేయండి. వెనక వైపూ చేయండి. పెన్సిల్ రాతలు, స్టూడియో ముద్ర చెరిగిపోయి ఉంటే చీకటి గదిలో టార్చి వెలుగును ప్రింటుకు ఏటవాలుగా పడేలా పెట్టి ఫోన్‌తో తీయండి, నొక్కుడు గీతలు పైకి తేలతాయి. తర్వాత గూగుల్ లెన్స్, టిన్‌ఐ, యాండెక్స్ అనే ఫోటోతో ఫోటో వెతికే సైట్లు మూడింటిలోనూ వెతకండి. ఒకదానికి దొరకనిది ఇంకొకదానికి దొరుకుతుంది.

ఆర్కైవు వాళ్ళు రాసిందే వేదమనుకోవద్దు. జర్మన్ ఫెడరల్ ఆర్కైవు 2008 డిసెంబరులో లక్ష దాకా ఫోటోలు వికీమీడియా కామన్స్‌కు ఇచ్చినప్పుడు, వాటి కింద రాతల్లో తప్పుల్ని చూపించింది మామూలు పాఠకులే. చాలావాటికి ఆ రాతలు ఆనాటి ప్రచార విభాగం రాసినవే. బెర్లిన్ రైష్‌స్టాగ్ (పార్లమెంటు భవనం) మీద సోవియట్ జెండా ఫోటో సంగతీ అంతే. 1945 మే 2న యెవ్‌గేనీ ఖల్దేయ్ తీసినది. జెండా ఎత్తిన వీరులుగా అధికారికంగా యెగోరోవ్, కంతారియా పేర్లు మోగాయి. ఈ ఫోటోలో ఉన్నది కవల్యోవ్, ఆయన తోటివాళ్ళు. పైగా ఒక సైనికుడి రెండు చేతులకూ గడియారాలు కనిపిస్తే, దోచుకున్నవని అంటారని ఒకటి చెరిపేశారు, పొగను ఎక్కువ చేశారు.

జోకుల గురించి ఒక్క మాట, ఇది మనసులో పెట్టుకోండి. సరదా పేరును ఫోటో మీదే రాయకండి, కింద విడిగా రాయండి. ఫోటో మీద రాసిన జోకు ఫార్వర్డయి, ఆరు నెలలకు వేరే గ్రూపులో చరిత్రగా తిరిగొస్తుంది. తేల్చిన ప్రతి పేరు పక్కనా "ఖాయం", "బహుశా", "పోలిక మాత్రమే" అని మూడింట్లో ఒకటి వేయండి. "ఖాయం" అనాలంటే ముఖం కాకుండా కనీసం రెండు వేరువేరు ఆధారాలుండాలి. బోస్ సహాయకుడు, మన హైదరాబాదువారైన ఆబిద్ హసన్ పేరు జలాంతర్గామి ఫోటోల్లో ఇష్టం వచ్చినట్టు అంటించేస్తుంటారు, అక్కడ ఈ నియమం బాగా పనికొస్తుంది. ఆయన బోస్‌తో పాటు జర్మన్ జలాంతర్గామి యూ-180లో వెళ్ళి, 1943 ఏప్రిల్ 28న మడగాస్కర్ దగ్గరి సముద్రంలో జపాన్ వాళ్ళ ఐ-29లోకి మారారన్నది ఖాయం. ఐ-29 సిబ్బందితో తీసిన గ్రూపు ఫోటోలో ముందు వరస ఎడమ చివర బోస్ అన్నదీ ఖాయం. కానీ జలాంతర్గామి మీద కనిపించిన ప్రతి భారతీయ ముఖమూ ఆబిద్ హసన్ అయిపోదు.

తాతగారి ఫోటోకు వస్తే ముందు ఒక జాగ్రత్త. ఆనాడు మామూలు కెమెరాల్లో వాడిన వెరిక్రోమ్ లాంటి ఆర్థోక్రోమాటిక్ ఫిల్ముకు ఎరుపు కనిపించదు. ఎరుపు నల్లగా, నీలం తెల్లగా పడుతుంది. 5వ ఇండియన్ డివిజన్ గుర్తు నల్లటి చతురస్రంలో ఎర్ర బంతి. ఆ ఫిల్ము మీద ఆ బంతి నలుపులో కలిసిపోయి, భుజం మీద ఉత్త నల్ల ముక్క మాత్రమే మిగులుతుంది. 4వ డివిజన్ ఎర్ర గద్ద కూడా నల్ల గద్దలా కనిపిస్తుంది. ఏమీ లేదని వదిలేయకుండా స్కాన్‌లో నలుపును కొంచెం తేలిక చేసి గుండ్రటి అంచు కోసం వెతకండి. ఎడమ జేబు పైన రిబ్బన్లుంటే లెక్కపెట్టండి. బర్మా స్టార్ పతకం ప్రకటించింది 1945 మేలో కాబట్టి ఆ రిబ్బను కనిపిస్తే ఫోటో అప్పటిది గానీ ఆ తర్వాతది గానీ. ముదురు నీలం మీద నడుమ ఎర్ర చార, నీలం పట్టీల మధ్యన సన్నటి నారింజ గీతలు దాని రంగులు. ఈ ఫిల్ము మీద నడిమి చార నల్లగా, పక్కలు అంతకంటే లేతగా పడతాయి.

భుజం మీద ఒక నక్షత్రం చూసి సెకండ్ లెఫ్టినెంటు అని రాసేయకండి, జమేదారుకూ ఒకటే, సుబేదారుకు రెండు. పేరు, నంబరు, రెజిమెంటు మూడూ చేతికొస్తే ఆ రెజిమెంటు రికార్డు ఆఫీసుకు రాయండి. మద్రాస్ రెజిమెంటుకు వెల్లింగ్టన్, మద్రాస్ ఇంజనీరు గ్రూపుకు బెంగుళూరు. తాతగారు యుద్ధంలోనే పోయి ఉంటే కామన్వెల్త్ యుద్ధ సమాధుల కమిషన్ జాబితాలో పేరు వెతకండి. బర్మాలో పోయి సమాధి దొరకనివాళ్ళ పేర్లు తౌక్యాన్‌లోని రంగూన్ స్మారకం మీద 27,000 దాకా ఉన్నాయి. మన పేర్లను ఇంగ్లీషులో ఇష్టం వచ్చినట్టు రాశారు కాబట్టి పేరుతో మొదలుపెట్టకుండా సైనిక నంబరుతో వెతకండి.