తిరుమల బస్సుల లెక్క చెప్పలేకపోతే ఉద్యోగం రాదా?

ప్రశ్న: మా అమ్మాయి తిరుపతిలో బీటెక్ కంప్యూటర్ సైన్స్ మూడో సంవత్సరం చదువుతోంది. నమూనా ఇంటర్వ్యూలో ‘అలిపిరి నుంచి తిరుమలకు రోజుకు ఎన్ని బస్సులు కావాలి?’ అని అడిగితే ఏమీ మాట్లాడలేకపోయిందట. ఇలాంటి అంచనా ప్రశ్నలకు శిక్షణ ఇస్తామని ఒక కోచింగ్ కేంద్రం పాతిక వేలు అడుగుతోంది. అందులో చేర్పించాలా, లేక ఆ సమయాన్ని కోడింగ్‌కు కేటాయించమనాలా?
– ఒక తండ్రి, చిత్తూరు

జవాబు: మీరు అడిగింది రెండు శిక్షణల్లో ఏది మేలని, కానీ మిమ్మల్ని కలవరపెడుతున్నది అమ్మాయి మౌనమని నాకు అర్థమవుతోంది. ఇంటర్ రెండేళ్లూ నాలుగు ఆప్షన్లలో ఒకటి గుర్తించడమే చదువుగా గడిపిన పిల్లలు, ఆప్షన్లే లేని ప్రశ్న వినగానే తమకు తెలిసి ఉండవలసిన అంకె ఏదో తెలియకుండా పోయిందని భయపడతారు. అడిగినవారికి కూడా ఆ అంకె తెలియకపోవచ్చునని, తెలియవలసిన అవసరమూ లేదని వారికి ఎవరూ చెప్పరు. మీ అమ్మాయికి తెలివి తక్కువై మాట రాలేదని దయచేసి అనుకోకండి.

ఈ తరహా లెక్కలకు పేరుపడిన భౌతిక శాస్త్రవేత్త ఎన్రికో ఫెర్మీ, 1945 జూలై 16న అమెరికాలో తొలి అణుపరీక్ష జరిగినప్పుడు కాగితపు ముక్కలను జారవిడిచి, పేలుడు గాలికి అవి ఎంత దూరం జరిగాయో చూసి, దాని శక్తి దాదాపు 10,000 టన్నుల టీఎన్‌టీ అనే పేలుడు పదార్థానికి సమానమని అంచనా వేశాడు. అసలు శక్తి అంతకు రెట్టింపు పైమాటే అయినా, వెయ్యి టన్నులా, లక్ష టన్నులా అన్న సందేహాన్ని ఆ కాగితపు ముక్కలే తీర్చాయి. అంచనాకు ఉన్న విలువ అంతవరకే, కానీ అది చిన్న విలువ కాదు.

బస్సుల సంగతే చూద్దాం. టీటీడీ రోజూ ప్రకటించే దర్శనాల సంఖ్య మామూలుగా అరవై నుంచి ఎనభై వేల మధ్య ఉంటుంది కనుక 70,000 అనుకుందాం. మెట్లదారిన నడిచేవారిని, కార్లలో, జీపుల్లో వెళ్లేవారిని తీసేస్తే సగం మంది బస్సెక్కుతారనుకుంటే 35,000 మంది. బస్సుకు 50 మంది చొప్పున 700 ట్రిప్పులు. కొండ ఎక్కడానికి, దిగడానికి, బస్సు నిండేదాకా ఆగడానికి కలిపి మూడు గంటలనుకుంటే, రోజుకు పదిహేను గంటలు నడిచే ఒక్కో బస్సు ఐదుసార్లు తిరగగలదు, అంటే 140 బస్సులు. ఇందులో ‘సగం మంది’ అన్నది కేవలం నా ఊహ. మూడోవంతే ఎక్కుతారనుకుంటే 94 బస్సులు చాలు. ఏ ఊహ మారితే జవాబు ఎక్కువగా మారుతుందో గుర్తించి, దాన్ని దాచకుండా పైకి చెప్పడం, గరుడసేవ రోజున ఈ లెక్క పనికిరాదని తానే అనగలగడం – మంచి ఇంటర్వ్యూలో చూసేది వీటినే.

ఇక కోచింగ్ గురించి నా అనుమానాలు దాచుకోను. విమానంలో ఎన్ని గోల్ఫ్ బంతులు పడతాయన్న తరహా ప్రశ్నలు వృథా అని, అవి అభ్యర్థి పనితీరును ఏమాత్రం ముందుగా చెప్పలేవని గూగుల్ సంస్థలో నియామకాలు చూసిన లాస్లో బాక్ 2013లోనే బహిరంగంగా చెప్పారు. చేయబోయే పనినే కొంత చేయించి చూడడం, అందరినీ ఒకే వరుసలో అవే ప్రశ్నలు అడగడం మేలైన పద్ధతులని ఉద్యోగ ఎంపికల మీద జరిగిన పరిశోధనలు ఎంతో కాలంగా చెబుతున్నాయి. కన్సల్టింగ్, ప్రొడక్ట్ మేనేజర్, బిజినెస్ అనలిస్ట్ ఉద్యోగాల ఇంటర్వ్యూల్లో అంచనా ప్రశ్నలు ఇప్పటికీ వస్తాయి. సాఫ్ట్‌వేర్ డెవలపర్ ఉద్యోగానికైతే కోడింగ్, సొంతంగా చేసిన ప్రాజెక్టు ముందు వీటి బరువు చాలా తక్కువ. పైగా కోచింగ్‌లో బట్టీపట్టిన మెట్లను వల్లించే అభ్యర్థి, అనుభవమున్న ఇంటర్వ్యూయర్ ఒక్క ఊహను మార్చి అడగగానే తడబడతాడు. కాబట్టి పాతిక వేలు కట్టకండి, కోడింగ్ మానిపించకండి.

ఒక మాట కటువుగానే చెప్పాలి. మీ ఉత్తరంలో ‘చేర్పించాలా’, ‘కేటాయించమనాలా’ అని ఉంది కానీ, అమ్మాయి ఏమంటోందో ఒక్క మాటైనా లేదు. ఇరవై ఏళ్ల మనిషి ఏం చదవాలో, ఎక్కడ చేరాలో అన్నీ మీరే నిర్ణయిస్తూ, అపరిచితుల ముందు మాత్రం ఆమె ధైర్యంగా సొంత అభిప్రాయం చెప్పాలని కోరుకోవడం న్యాయం కాదు. జూన్, జూలై నెలల్లో గుజ్జు ఫ్యాక్టరీల ముందు తోతాపురి మామిడికాయల ట్రాక్టర్లు బారులు తీరినప్పుడు, ఒక్కో ట్రాక్టరులో ఎన్ని కాయలుంటాయని ఆమెను అడగండి. తప్పు చెబితే వెంటనే దిద్దకండి; ఎలా లెక్కవేసిందో పూర్తిగా వినండి, ఆ తరువాత మీ లెక్క కూడా చెప్పి, ఆమెను తప్పులు పట్టనివ్వండి. రోజుకు పది నిమిషాలు చాలు.

వారి కళాశాలకు గత రెండు మూడేళ్లలో ఏ కంపెనీలు వచ్చాయో, ఏ రౌండులో ఏమి అడిగాయో ప్లేస్‌మెంట్ ఆఫీసులోను, ఎంపికైన సీనియర్ల దగ్గరా తెలుసుకోవాలి. అడగడానికి అమ్మాయే వెళ్లాలి, మీరు ఫోన్ చేయకండి. ఆ జాబితాలో అంచనా ప్రశ్నలు తరచుగా కనిపిస్తే, వాటికి ఎంత సమయం ఇవ్వాలో ఆమెనే నిర్ణయించుకోనివ్వండి.