ఫ్లోరిడాలో తెరచాప పడవలోనే నివసించేవారు హరికేన్ వస్తే ఏం చేస్తారు?

ఉద్యోగరీత్యా ఫ్లోరిడా వెళ్లిన మీ మేనల్లుడు అక్కడి ఇంటి అద్దెలు భరించలేక పాత తెరచాప పడవ ఒకటి కొని అందులోనే కాపురం పెడతానంటున్నాడనీ, హరికేన్ వస్తే పడవ విప్పుకొని సముద్రంలోకి వెళ్లిపోతానని ధీమాగా చెబుతున్నాడనీ, అది సాధ్యమేనా అనీ అడిగారు. సాధ్యం కాదు. ముప్పై, ముప్పై అయిదు అడుగుల పడవ ఇంజను మీద నడిచినా చాప మీద నడిచినా గంటకు 10 నుంచి 12 కిలోమీటర్లకు మించి వెళ్లదు; తుపాను సాధారణంగా అంతకంటే వేగంగా కదులుతుంది, పైగా దారి మార్చుకుంటుంది. మావారూ నేనూ ఫ్లోరిడా కీస్ అనే దీవుల వరుసలో, మారథాన్ పట్టణం దగ్గరి బూట్ కీ హార్బర్‌లో, పడవలోనే కాపురం ఉన్నాం. 2017 సెప్టెంబరులో ఇర్మా హరికేన్ వచ్చినప్పుడు అక్కడే ఉన్నాం. ఇప్పుడు సైనిక్‌పురిలో ఉంటున్నాం కాబట్టి ఈ సంగతులు తీరిగ్గా చెప్పగలుగుతున్నాను.

ఇక్కడ ఎవరికి చెప్పినా మొదట అడిగేది లంగరు గురించే. ఎంత బరువుది వేశారు, గొలుసు ఎంత పొడవు అని. హుస్సేన్ సాగర్‌లో వర్షాకాలంలో జరిగే పోటీలు చూసినవారికి తెరచాప పడవ అనగానే ఒకరో ఇద్దరో కూర్చుని నడిపే తేలికైన పడవ గుర్తుకొస్తుంది. నివాసానికి వాడే పడవ అలాంటిది కాదు. దాని అడుగున టన్నుల కొద్దీ సీసమో ఇనుమో ఉంటుంది, లోపల వంటగట్టు, పడకలు, నీళ్ల ట్యాంకులు ఉంటాయి. పైన ఎండకు వేసుకున్న కాన్వాసు పందిరి, సోలార్ పలకలు, చిన్న గాలిమర, నీళ్ల డబ్బాలు, సైకిళ్లు, మొక్కల కుండీలు చేరతాయి. ఏళ్ల తరబడి ఒకే చోట ఉండేవారి డెక్ మన అపార్ట్‌మెంట్ బాల్కనీలా తయారవుతుంది. పడవల్ని పోగొట్టేది లంగరు కాదనీ, ఈ పైసరంజామా, మోకుల రాపిడి, పక్కవాడి నిర్లక్ష్యం కలిసి పోగొడతాయనీ నా గట్టి అభిప్రాయం. గాలి వేగం రెట్టింపైతే దాని ఒత్తిడి నాలుగింతలవుతుంది. అంటే గంటకు 50 కిలోమీటర్ల గాలికి ఆ పందిరి మీద పడే ఒత్తిడి 200 కిలోమీటర్ల గాలికి పదహారింతలు. అందుకే హరికేన్‌కు ముందు చేసే పనిలో సగానికి పైగా విప్పి, దించి, ఒడ్డుకు చేర్చడమే ఉంటుంది.

అన్నిటికంటే ముందు దించవలసింది ముందుచాప. ఈ రోజుల్లో దాన్ని వాడుక అయ్యాక కిందికి దించరు. పడవ ముక్కు నుంచి స్తంభం పైకి వెళ్లే ఉక్కు తీగ చుట్టూ, కింద నుంచి తాడు లాగి, చుట్టచుట్టి వదిలేస్తారు. రోజువారీ వాడకానికి అది ఎంతో సౌకర్యం, కానీ హరికేన్ గాలిలో ఆ చుట్ట పైభాగంలో ఒక్క మడత వదులైనా గాలి అందులో దూరి కొంచెం కొంచెంగా మొత్తం విప్పేస్తుంది. విచ్చుకున్న చాపతో పడవ కట్టిన చోటనే అటూ ఇటూ పరుగులు పెడుతూ, ప్రతి మలుపులోనూ మోకును గుంజుతుంది. చుట్టి ఉన్న చాపను తీయాలంటే ముందు పూర్తిగా విప్పక తప్పదు కాబట్టి గాలి లేవకముందే ఆ పని ముగించాలి. మేము ఆ పనికి దిగిన సాయంత్రం గాలి విసురు విసురుగా వస్తోంది. మావారు స్తంభం దగ్గర తాడు వదులుతున్నారు, నేను ముక్కు దగ్గర నిలబడి చాప అంచును కిందికి గుంజుతున్నాను. "ఏవండీ, ఈ విసురు పోనివ్వండి, ఇప్పుడు వదలకండి" అని నేను అరవడం, ఆయనకు వినబడక వదిలేయడం, చాప నా మొహం మీద టపటపా కొట్టడం. సగం దిగాక అది ఆగిపోయింది. అంచు జారే గాడిలో ఉప్పు పేరుకుని గట్టిపడింది. గిన్నెలు తోమే సబ్బునీళ్లు సీసాలో పట్టి ఆ గాడిలోకి కొడుతూ, జానెడు జానెడు చొప్పున లాగాం. దిగిన చాపను మడిచే ఓపిక కూడా లేక, నలిపి కట్టగట్టి పడవలోపలికి తోసేశాం.

సరిగ్గా అప్పుడే హైదరాబాద్ నుంచి అమ్మ ఫోన్ చేసింది. ఇక్కడ తెల్లవారుజాము మూడున్నర అయి ఉంటుంది. అంతకుముందు ఫోన్ చేసిన బంధువులందరూ గాలి వేగం ఎంతని అడిగారు. అమ్మ అడిగింది వేరు. "నీళ్లు ఎంత ఎత్తు వస్తాయంటున్నారే?" అంది. అమ్మ పుట్టిల్లు అవనిగడ్డ వైపు. 1977 నవంబరు 19న దివిసీమను ముంచిన ఉప్పెనను కళ్లారా చూసిన మనిషి. "గాలి మనుషుల్ని భయపెడుతుంది, చంపేది నీళ్లమ్మా. ఆ పడవ పోతే పోనీ, మీరిద్దరూ ముందు బయల్దేరండి" అంది. పడవ గురించి తనకేమీ తెలియకపోయినా, నేను విన్న హరికేన్ సలహాల్లో అదే అన్నిటికంటే సరైనది. రేవులో గట్టుకు కట్టిన పడవలు దెబ్బతినేది ఎక్కువగా నీటిమట్టం వల్లనే. తాళ్లు బిగుతుగా కడితే నీరు పెరిగినప్పుడు పడవ పైకి లేవలేక తాళ్లు తెగుతాయి, వదులుగా కడితే గట్టుకు కొట్టుకుంటుంది. తేలే గట్లయితే నీటితోపాటే పైకి లేస్తాయి, కానీ వాటిని పట్టి ఉంచే స్తంభాల ఎత్తును మించి ఉప్పెన వస్తే గట్టూ పడవలూ కలిసి కొట్టుకుపోతాయి. మేము గట్టుకు దూరంగా, సముద్రం అడుగున బిగించిన మూరింగ్‌కు కట్టుకున్నాం కాబట్టి ఆ చిక్కు కొంత తప్పింది.

మూరింగ్‌కు వేరే చిక్కు ఉంది. అక్కడి నుంచి వచ్చే మోకు పడవ అంచున లోహపు గాడిలో వంగి, డెక్ మీది క్లీట్‌కు, అంటే తాడు చుట్టి బిగించే లోహపు కొమ్ముకు, చుట్టుకుంటుంది. నైలాన్ మోకు సాగే గుణం ఉన్నది కాబట్టి కుదుపును మింగుతుంది, అది మంచిదే. కానీ గంటల తరబడి సాగి, ముడుచుకుని, మళ్లీ సాగుతూ ఉంటే దాని పోగులు ఒకదానికొకటి రాసుకుని లోపల వేడెక్కుతాయి. బయట గాడి దగ్గర రాపిడి సరేసరి. అందరూ చేసే పని, తోటకు నీళ్లు పట్టే ప్లాస్టిక్ గొట్టం ముక్కను మోకుకు తొడగడం. అది రాపిడిని ఆపుతుంది గానీ వాన నీటిని లోపలికి పోనివ్వదు, వేడిని బయటికి రానివ్వదు, అందువల్ల మోకు లోపలి నుంచే కరుగుతుంది. మేము పాత ఫైరింజన్ గొట్టం ముక్కలు సంపాదించి తొడిగాం. అది నేత గొట్టం కాబట్టి తడుస్తుంది, చల్లబడుతుంది. గాడిలోంచి వెళ్లే భాగానికి అంతగా సాగని పాలిస్టర్ తాడు, దాని అవతల నైలాన్, ఒక్కో మోకుకు విడిగా ఒక్కో క్లీట్. మిగిలిన పనులు త్వరగానే అయిపోతాయి: పెద్ద చాప, పందిరి, పలకలు దించడం, పడవ అడుగున ఉన్న నీటి కవాటాలు మూయడం, డెక్ మీద పడిన నీరు పోయే రంధ్రాలు శుభ్రం చేయడం, పంపు నడిచే బ్యాటరీలు నిండుగా ఉంచడం, గ్యాసు కట్టేయడం, పాస్‌పోర్టులు సంచిలో వేసుకోవడం.

తర్వాత మనుషులు దిగిపోవాలి. ఈ విషయంలో రెండో మాట లేదు. పడవలో ఉండి కాపాడుకుంటామనే వీరులు ప్రతి రేవులోనూ ఉంటారు; ఆ గాలిలో డెక్ మీద నిలబడటం కాదు కదా, పాకడం కూడా మనిషి వల్ల కాదు. కీస్ నుంచి ప్రధాన భూభాగానికి పోవడానికి దాదాపు అంతటా ఒకటే రోడ్డు, ఖాళీ చేయమని అధికారులు చెప్పాక అందరూ దాని మీదే.

ఇర్మా సెప్టెంబరు 10 ఉదయం కడ్జో కీ వద్ద, గంటకు సుమారు 210 కిలోమీటర్ల గాలితో, అయిదు కేటగిరీల కొలమానంలో నాలుగో కేటగిరీ హరికేన్‌గా తీరాన్ని తాకింది. మారథాన్ దానికి తూర్పున నలభై కిలోమీటర్ల దూరంలో ఉంటుంది. ఉత్తరార్ధగోళంలో తుపాను వెళ్లే దిశకు కుడివైపు ప్రమాదం ఎక్కువ, ఎందుకంటే తిరిగే గాలికి తుపాను నడక వేగం కూడా ఆ వైపున తోడవుతుంది. మేమున్న చోటు సరిగ్గా ఆ వైపునే పడింది. తిరిగి వెళ్లనిచ్చాక చూస్తే హార్బర్ చుట్టూ ఉన్న మడచెట్లలో పడవలు ఒకదాని మీద ఒకటి ఎక్కి ఉన్నాయి. మాది కట్టినచోటే ఉంది, కానీ ముందు భాగంలో ఉక్కు రెయిలింగు వంగిపోయి, పక్కన బొరియ పడి ఉంది. మాకు ముందు కట్టిన పడవ ఒడ్డున పక్కకు ఒరిగి ఉంది. దాని ముక్కు తీగకు ముందుచాప పీలికలు వేలాడుతున్నాయి. మోకు కొస పట్టుకుని చూశాను: తెగిన పోగుల్లా లేదు, కరిగి గట్టిపడి, గాజుపూసల్లా ముద్దకట్టి ఉంది, దాని మీద పచ్చరంగు తోట గొట్టం ముక్క ఇంకా తొడిగే ఉంది. ఆ పడవే తెగి వచ్చి మమ్మల్ని కొట్టిందని చెప్పడానికి సాక్షులు లేరు, నాకు అవసరమూ లేదు. దాని యజమాని మాత్రం చివరి వరకు "నాలుగో కేటగిరీ గాలికి ఎవరేం చేస్తారు" అనే అన్నాడు. ముందు రోజు మేము చాప దించుతుంటే చూస్తూ కూర్చున్న మనిషి అతను.

అంచనాల పటం గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే మీ మేనల్లుడు దాన్ని చూసే నిర్ణయాలు తీసుకుంటాడు. నేషనల్ హరికేన్ సెంటర్ విడుదల చేసే ఆ తెల్లటి గరాటు ఆకారం తుపాను ఎంత పెద్దదో చెప్పదు. తుపాను కేంద్రం మూడింట రెండు వంతుల సందర్భాల్లో ఆ గరాటు లోపల ఉంటుందని మాత్రమే దాని అర్థం. గరాటు బయట ఉన్నామని నిశ్చింతగా ఉండటం శుద్ధ అవివేకం. ఇర్మా మయామీ వైపు వస్తుందన్నప్పుడు మా పరిచయస్థులు కొందరు పశ్చిమ తీరానికి పోయారు, తుపాను కూడా పడమటికే జరిగింది. మన టీవీ చానళ్లు అమెరికా లెక్కనూ మన లెక్కనూ కలిపేయడం మరో తలనొప్పి: అక్కడ గాలి వేగాన్ని ఒక నిమిషం సగటుతో కొలుస్తారు, మన వాతావరణ శాఖ మూడు నిమిషాల సగటుతో కొలుస్తుంది. అందువల్ల ఒకే తుపానుకు అమెరికా అంకె కొంచెం పెద్దదిగా కనిపిస్తుంది, దాన్ని పట్టుకుని ఇక్కడ చర్చలు పెడతారు.

ఇక బీమా. పేరు పెట్టిన తుపాను వల్ల నష్టం జరిగితే చాలా పాలసీల్లో మామూలు కంటే పెద్ద మొత్తం మన జేబులోంచే పెట్టుకోవాలి, దాన్ని పడవ విలువలో శాతంగా లెక్కిస్తారు. హరికేన్ కాలంలో పడవ ఎక్కడ ఉండాలో కూడా కొందరు షరతు పెడతారు. కరేబియన్‌లో తిరిగేవారు గ్రెనడా దాకా దక్షిణానికి దిగితే చాలని ఎంతోకాలం నమ్మారు. 2004 సెప్టెంబరు 7న ఐవన్ హరికేన్ అదే గ్రెనడా మీద పడి పడవల్ని కుప్పలు పోసింది. 2024 జులై 1న బెరిల్ అదే దేశానికి చెందిన కారియకూ ద్వీపాన్ని తాకినప్పుడు మడచెట్ల మధ్య దాచుకున్న పడవలు సైతం నుజ్జయ్యాయి. మా విషయంలో బీమా సంస్థ ఫొటోలు అడిగింది, మళ్లీ అవే ఫొటోలు అడిగింది, చివరికి రెయిలింగు పాతది కాబట్టి సగమే ఇస్తానంది.

అంతగా పడవలోనే ఉంటానంటే, జూన్ 1 నుంచి నవంబరు 30 వరకు సాగే హరికేన్ కాలానికి మే నెలలోనే సముద్రతీరానికి దూరంగా, భూభాగం లోపల ఉన్న పడవల యార్డులో చోటు మాట్లాడుకోమనండి. ఫ్లోరిడాకు అడ్డంగా సాగే ఓకీచోబీ జలమార్గం వెంట అలాంటివి ఉన్నాయి. అక్కడ పడవను నేల మీద స్టాండ్లపై నిలబెట్టి, పట్టీలతో భూమికి బిగిస్తారు. తుపానుకు పేరు పెట్టాక ఫోన్ చేస్తే యార్డులో చోటు దొరకదు, దొరికినా దారిలోని ఎత్తే వంతెనలు అప్పటికే మూసేసి ఉండవచ్చు. యార్డు కిరాయి, బీమా, ఆ రోజుల్లో తను ఒడ్డున తలదాచుకునే గది ఖర్చు కూడా కలిపి, అప్పుడు అపార్ట్‌మెంట్ అద్దెతో పోల్చుకోమనండి.