నాలుగేళ్ళ పాప పుట్టినరోజుకి థీమ్ పెట్టాలంటే: మా తాబేళ్ళ పుట్టినరోజు అనుభవం

మీరు విజయనగరంలో ఉంటున్నామని, వచ్చే నెల పాపకి నాలుగేళ్ళు నిండుతాయని రాశారు. రాజకుమారి థీమ్ కావాలని పాప పట్టుబడుతోంది. డెకరేషన్ వాళ్ళు 18 వేలు చెప్పారు. 25 మంది పిల్లల్ని పిలవాలని ఉంది. ఇంట్లో చేయాలా, హాలు తీసుకోవాలా అన్నది మీ ప్రశ్న. మాది శ్రీకాకుళం. మా పాపకి మూడో పుట్టినరోజు హాల్లో చేశాం, నాలుగోది మా మేడ మీద చేశాం. రెండూ చూశాను కాబట్టి కాస్త వివరంగానే రాస్తున్నాను.

ముందు హాలు సంగతి. అప్పుడు మేమూ రాజకుమారి థీమే అనుకున్నాం. ఫోన్‌లో చూపించిన ఫొటోలో గులాబీ రంగు తెరలు, బెలూన్ల తోరణం ఎంతో బాగున్నాయి. ఆ రోజు డెకరేషన్ వాళ్ళు గంటన్నర ఆలస్యంగా వచ్చారు. ఫొటోలో చూపించింది ఒకటి, కట్టింది ఇంకొకటి. పాపకి కొన్న నెట్ గౌను లోపలి కుట్లు మెడ దగ్గర గీరుకుని ఎర్రగా కందిపోయింది. స్పీకర్ల మోతకి భయపడి వాళ్ళ నాన్న మెడ వదల్లేదు. బంధువులంతా వచ్చాక కేకు కోద్దామని ఆగాం, ఎనిమిదిన్నర అయింది. అప్పటికి పాప భుజం మీదే నిద్రపోయింది. లేపి కోయించాం. ఆ ఫొటోల్లో ఒక్కదాన్లో కూడా నవ్వు ముఖం లేదు. ఆ రాత్రి దాని పక్కన పడుకుని, ఈ హడావుడంతా ఎవరి కోసం చేశానా అని చాలా బాధపడ్డాను.

మరుసటి ఏడాది థీమ్ మేం వెతకలేదు, పాపే చూపించింది. జనవరిలో శ్రీకూర్మం వెళ్ళాం. అక్కడ గుడి ఆవరణలో నక్షత్ర తాబేళ్ళని పెంచుతారు కదా, ఒక తాబేలు ఆకు తింటుంటే మా పాప నేల మీద బోర్లా పడుకుని దాని ముఖంలోకే చూస్తూ ఉండిపోయింది. అరగంట బతిమాలితే గానీ కదల్లేదు. ఇంటికొచ్చాక రోజూ వీపు మీద దిండు పెట్టుకుని గదంతా పాకేది, పిలిస్తే తల లోపలికి ముడిచేది. పుట్టినరోజు ఫిబ్రవరి ఆఖర్లో. థీమ్ గురించి ఇంకేం ఆలోచిస్తాం? అందుకే మీకు చెప్పే మొదటి మాట: కేటలాగు తెరవకముందు, ఈ పది రోజులూ మీ పాప తనంతట తాను ఏ ఆట ఆడుతోందో గమనించండి. ఆ వయసు పిల్లలకి గోడ మీద అంటించిన బొమ్మ కంటే చేతులతో, ఒళ్ళంతా కదిపి ఆడే ఆటే గుర్తుంటుంది.

మా అత్తగారికి మొదట నచ్చలేదు. "ఏటమ్మా, శుభమా అని పుట్టినరోజు చేస్తూ తాబేళ్ళేటి?" అన్నారు. "కూర్మనాథస్వామి మన జిల్లాలోనే కదా అత్తయ్యా ఉన్నాడు" అన్నాను. కాసేపు ఆలోచించి లోపలికి వెళ్ళి, తన పాత నీలం రంగు చీర తెచ్చి నా చేతిలో పెట్టారు. ఆ చీరే మా పార్టీకి సముద్రం అయింది. ఉదయం పద్ధతి మాత్రం ఆవిడ చెప్పినట్టే చేశాం. తలంటు పోసి, మెత్తని నూలు గౌను వేసి, అరసవల్లి తీసుకెళ్ళి, ఇంటికొచ్చాక పెద్దవాళ్ళందరి చేత అక్షింతలు వేయించాం. బంధువులకి మధ్యాహ్నం భోజనం పెట్టేశాం. సాయంత్రం పిల్లలది, పిల్లలది మాత్రమే. ఇలా విడగొట్టడం వల్ల ఎవరికోసమో కేకు ఆపాల్సిన అవసరం రాలేదు. మీరూ ఇలా చేస్తే సగం టెన్షన్ తగ్గిపోతుంది.

తొమ్మిది మందిని పిలిచాం, సాయంత్రం నాలుగున్నర నుంచి ఆరుంపావు వరకు. రెండు వేళలూ చెప్పాను, మొదలెప్పుడో, అయ్యేదెప్పుడో. మీరు 25 మంది అంటున్నారు. నాలుగేళ్ళ పిల్లలు 25 మంది ఒకచోట చేరితే ఒకరు పడిపోతారు, ఒకరు ఏడుస్తారు, ఒకరికి బాత్రూమ్ వస్తుంది, అన్నీ ఒకేసారి. అది వాళ్ళ తప్పు కాదు, వయసు అంత. పదిమంది దాటొద్దని నా గట్టి అభిప్రాయం. స్కూల్లో మిగతా పిల్లలకి చాక్లెట్లు పంచేస్తే సరిపోతుంది. ఇంకో మాట, మీ పాప మధ్యాహ్నం నిద్రపోయి లేచే వేళ చూసుకుని పార్టీ పెట్టండి. ముహూర్తం కంటే ఆ నిద్రే ముఖ్యం.

ఆటల సంగతి చెప్తాను, నాకు అన్నిటికంటే ఇష్టమైన భాగం ఇదే. శ్రీకాకుళం తీరానికి చలికాలం నుంచి ఎండలు ముదిరేదాకా ఆలివ్ రిడ్లీ తాబేళ్ళు గుడ్లు పెట్టడానికి వస్తాయి. రాత్రిపూట ఒడ్డుకొచ్చి, వెనక కాళ్ళతో ఇసకలో గుంట తవ్వి, వందకు అటూఇటూగా గుడ్లు పెట్టి, ఇసక కప్పేసి, తిరిగి సముద్రంలోకి వెళ్ళిపోతాయి. సుమారు 50 రోజులకి పిల్లలు బయటికొస్తాయి. గుడ్డు అచ్చం టేబుల్ టెన్నిస్ బంతిలా తెల్లగా, గుండ్రంగా, ఇంచుమించు అంతే ఉంటుంది. మేం పక్కింట్లో కట్టుబడి పని జరుగుతుంటే రెండు బకెట్ల ఇసక అడిగి, జల్లించి, కడిగి, ఎండబెట్టి, పెద్ద టబ్బులో పోశాం. అందులో 30 బంతులు దాచాం. పిల్లలు చేతులతో తవ్వి తీసి, ఒకటీ రెండూ అని లెక్కపెట్టి గంపలో వేయాలి. పది నిమిషాలు పడుతుందనుకున్న ఆట అరగంట సాగింది. తవ్వడం, మళ్ళీ కప్పడం, మళ్ళీ తవ్వడం. గెలుపూ ఓటమీ లేవు కాబట్టి ఎవరూ అలగలేదు. నాలుగేళ్ళ వాళ్ళకి ఔటయ్యే ఆటలు పెట్టకండి, ఔటైన పిల్ల బాధ మీరు తీర్చలేరు.

తర్వాత తాబేలు నడక. ఒకవైపు చాపలు పరిచాం, అది ఇసక తిన్నె. అటు చివర అత్తయ్యగారి నీలం చీర. పెద్దవాళ్ళు ఇద్దరు చెరో చివర పట్టుకుని అలల్లా ఊపుతుంటే, వీపు మీద చిన్న దిండ్లు పెట్టుకున్న పిల్లలు పాక్కుంటూ వెళ్ళి చీర కిందికి దూరిపోవాలి. పిల్ల తాబేళ్ళు గుడ్డులోంచి బయటికి రాగానే సముద్రం వైపు వెళ్ళేది ఇలాగే కదా అని చెప్పాను. ఒకటే కేరింతలు. మూడుసార్లు, నాలుగుసార్లు, ఇంకా ఇంకా అన్నారు.

మధ్యలో మా వీధిలో పిల్లవాడు ఒకడు ఆగి, "మరి వాళ్ళమ్మ ఎక్కడికెళ్ళిపోయింది?" అని అడిగాడు. అందరూ ఆగి నా వైపు చూశారు. ఒక్క క్షణం ఏం చెప్పాలో తోచలేదు. "అమ్మ వాళ్ళకి వెచ్చగా ఉండే చోటు వెతికి, గుంట తవ్వి, కప్పి, ఎవరికీ కనబడకుండా దాచి వెళ్ళింది. తాబేళ్ళ అమ్మలు అలాగే చూసుకుంటారు. మన అమ్మలు మాత్రం పక్కనే ఉంటారు" అన్నాను. వాడు వెనక్కి తిరిగి వాళ్ళమ్మ కూర్చున్న చోటు చూసుకుని, మళ్ళీ చీర కిందికి పాకాడు. ఇలాంటి ప్రశ్న మీ దగ్గరా వస్తుంది, ఏ థీమ్ అయినా సరే. నిజమే చెప్పండి, కాస్త మెత్తగా చెప్పండి.

చివర్లో అందరూ ఎగిరి ఎగిరి అలిసిపోయాక కింద కూర్చోబెట్టి పేపర్ ప్లేట్లు ఇచ్చాం. బోర్లిస్తే తాబేలు డిప్ప. రంగు కాగితం ముక్కలు ముందే కత్తిరించి ఉంచాం, ఇంట్లో కాచిన మైదా జిగురుతో అంటించారు. కాళ్ళు, తల అట్టతో. అవే ఇంటికి పట్టుకెళ్ళారు. వీటితో పాటు రిటర్న్ గిఫ్ట్‌గా ఒక్కొక్కరికి ఒక ఏటికొప్పాక లక్క బొమ్మ ఇచ్చాం. అంకుడు కర్రతో చేసి, గింజలు, వేళ్ళు, ఆకుల నుంచి తీసిన రంగులు కలిపిన లక్కతో పూస్తారు కాబట్టి పిల్లలు నోట్లో పెట్టుకున్నా నాకు భయం లేకపోయింది. విడిపోయే చిన్న ముక్కలు లేనివి చూసి తీసుకోండి, అంతే. రెండో రోజుకి విరిగిపోయే ప్లాస్టిక్ బొమ్మలకి పెట్టే డబ్బుతోనే ఇవి వస్తాయి.

ఇప్పుడు జాగ్రత్తల గురించి. ఇది దయచేసి తేలిగ్గా తీసుకోకండి. బెలూన్లు మేం అసలు పెట్టలేదు. పగిలిన రబ్బరు ముక్క పిల్లలు నోట్లో పెట్టుకుంటే గొంతుకి అతుక్కుని ఊపిరి ఆడదు, తీయడం చాలా కష్టం. పెడితే గోడకి ఎత్తుగా కట్టండి, పగిలిన వెంటనే ముక్కలు ఏరేయండి. పైకి ఎగిరే గ్యాస్ బెలూన్లలో కొన్నిచోట్ల హైడ్రోజన్ నింపుతారు, కొవ్వొత్తి దగ్గరికొస్తే మంట లేస్తుంది. స్నో స్ప్రే కూడా అంతే, చాలావాటిలో మండే గ్యాస్ ఉంటుంది. కేకు మీద కొవ్వొత్తి వెలుగుతుండగా పిల్ల ముఖం మీదికి కొడితే ఏమవుతుందో ఊహించండి. మా ఇంటికి ఎవరో తెస్తే తీసుకుని బీరువాలో పెట్టి తాళం వేశాను. కాస్త నొచ్చుకున్నారు, అయినా నేను మనసు మార్చుకోలేదు. మేడ మీద చేస్తే పిట్టగోడ ఎత్తు చూసుకోండి, దాని పక్కన కుర్చీ, స్టూలు లేకుండా చేయండి, మెట్ల దగ్గర ఒక పెద్ద మనిషిని కూర్చోబెట్టండి. ఆ పని మా ఆడపడుచు చేసింది, రెండు గంటలూ కదల్లేదు.

జంతువుల థీమ్ ఎవరైనా పెట్టుకుంటే వాళ్ళకీ ఒక మాట. ఫొటోల కోసం నిజం తాబేలుని తేవాలనుకోకండి. నక్షత్ర తాబేలుని ఇంట్లో ఉంచుకోవడం వన్యప్రాణి రక్షణ చట్టం ప్రకారం నేరం.

తిండి దగ్గర పెద్దగా కష్టపడలేదు. పాలకూర కలిపిన పిండితో చిన్న పూరీలు, ఉడికించిన క్యారెట్ ముక్కలతో కాళ్ళూ తలా పెడితే అవీ తాబేళ్ళే. బటన్ ఇడ్లీలు, పెరుగన్నం, అరటిపండు ముక్కలు. పలాస జీడిపప్పు మనింట్లో ఎప్పుడూ ఉంటుంది కానీ నాలుగేళ్ళ పిల్లలకి గుండు జీడిపప్పు, వేరుశనగ, పాప్‌కార్న్ పెట్టొద్దు, గొంతులో అడ్డం పడతాయి. పొడి చేసి పాయసంలో వేశాను. కేకు కిలో చాలు. పైన బొమ్మలు చెక్కినట్టుండే ఫాండెంట్ కేకు ఖరీదెక్కువ, ఆ పూత పిల్లలు తీసి పక్కన పెడతారు, మన తీరపు ఉక్కకి చెమ్మ పట్టి జిగురవుతుంది కూడా. మామూలు క్రీమ్ కేకు తెచ్చి, పైన ఇంట్లో చేసిన పాలకోవా తాబేలు ఒకటి పెట్టాం. చివరికి పిల్లలు కొట్టుకున్నది దానికోసమే, కాబట్టి తలా ఒకటి చేసి ఉంచండి.

మాకు సాయంత్రం ఖర్చు మొత్తం 4,200 అయింది, కేకు, తిండి, బొమ్మలు, కాగితాలు అన్నీ కలిపి.

ఇక మీ రాజకుమారి. ఆ థీమ్ మార్చమని నేను అనను. పాప నోటితో అడిగింది కదా, ఆమె మాట నిలబెట్టండి. పైగా మీరున్నది విజయనగరం. 1713లో కట్టడం మొదలుపెట్టిన కోట మీ ఊరి మధ్యలో ఉంది. తెరల మీద అచ్చేసిన ఎక్కడిదో పరాయి కోట ఎందుకు? ఈ ఆదివారమే పాపని తీసుకెళ్ళి ఆ రాతి గోడ మీద చెయ్యి వేయించండి, ద్వారం కింద నిలబెట్టి పైకి చూడమనండి, నాలుగు మూలలా బురుజులు ఉంటాయని చెప్పండి. ఇంటికొచ్చాక ఫ్రిజ్, వాషింగ్ మెషీన్ వచ్చిన పెద్ద అట్టపెట్టెలతో అదే కోట కట్టండి, పిల్లలు దూరేంత ద్వారంతో. చుట్టూ గోడ, మూలల్లో నాలుగు బురుజులు. రంగు పాపే వేస్తుంది, ఎలా వేసినా అలాగే ఉంచండి. కిరీటాలు బంగారు రంగు కాగితంతో ఎవరిది వాళ్ళే అంటించుకుంటారు, మగపిల్లలకీ ఇవ్వండి. ఆట ఏమిటంటే, కోటలో దాచిన ఇత్తడి గంట వెతికి మోగించడం. మోగించిన వాళ్ళే ఆ నిమిషానికి రాజో, రాణో. ఆ తర్వాత వాళ్ళే గంట దాస్తారు, ఇంకొకరు వెతుకుతారు. వచ్చిన పిల్లలందరికీ వంతు వస్తుంది.

గౌను మాత్రం లోపల నూలు లైనింగ్ ఉన్నది చూడండి, ముందురోజు ఒక గంట వేసి ఆడనివ్వండి. ఎక్కడ గీరుకుంటుందో తెలిసిపోతుంది. అట్టపెట్టెల కోసం ఎలక్ట్రానిక్స్ షాపులో ఇవాళే చెప్పి పెట్టండి, అడగ్గానే దొరకవు. మాకు టీవీ పెట్టె ఒక్కటి దొరకడానికే పన్నెండు రోజులు పట్టింది.