బదనిక ఆకులు రాలిపోతున్నాయా?
పర్లాకిమిడి తమ్ముడూ, హెర్బేరియం (ఎండబెట్టిన మొక్కల నమూనాల సేకరణ) కోసం, మామిడి చెట్టును పట్టి బతికే బదనిక మొక్క రెమ్మను పేపర్ల మధ్య పెడితే ఆకులన్నీ రాలి పుల్ల మిగిలిందన్నావు. టెన్షన్ పడకు, ఆ జాతి తీరే అంత. దళసరి ఆకు, కోశాక కూడా కొంతకాలం ప్రాణంతో ఉండి తనే ఊడిపోతుంది. రెమ్మను మరిగే నీళ్లలో ఒక్క నిమిషం ముంచి, తడి అద్ది, అప్పుడు నొక్కు. పేపర్లు రోజూ మార్చు. రాలిన ఆకులను చిన్న కవర్‌లో వేసి షీటుకే అంటించు.

లేబుల్ మీద ‘మహేంద్రగిరి’ అని కోసిన చోటు మాత్రమే రాసి ఊరుకోకు. ఏ చెట్టు మీదిదో ముఖ్యం. ఈజిప్టులోని సీనాయ్ ఎడారి కొండల్లో ఎర్రపూల బదనిక, ప్లికోసెపాలస్ అకేషియే, ఎక్కువగా తుమ్మజాతి చెట్లనే పట్టుకుంటుంది. చెట్టు పేరు రాయని షీటుతో ఆ సంగతి ఎవరికి తెలుస్తుంది? అందుకే బదనిక చెట్టును పట్టుకున్న అతుకు దగ్గరి బుడిపెను, మామిడి కొమ్మ ముక్కతో సహా కొయ్యి. పువ్వు రంగు చెట్టు కిందే రాసుకో, ఎండితే ఆ రంగు ఉండదు (నేనలా రెండు షీట్లు పాడుచేసుకున్నాను).