బీపీ మాత్ర వేసుకుంటే గుండెకు రక్తం తగ్గిపోతుందా?

ప్రశ్న: మాది ఒడిశాలోని పర్లాకిమిడి. నాన్నగారికి 64 ఏళ్లు. ఆమ్లోడిపిన్ 5, మెటోప్రొలాల్ 50 మి.గ్రా. మాత్రలు రోజూ వేసుకునేవారు. బీపీ 126/72 ఉండేది. ‘ట్యాంకులో ఒత్తిడి తగ్గితే కుళాయికి నీళ్లు రావు, గుండెకూ అంతే’ అని ఎవరో చెప్పారట. అప్పటి నుంచి రోజు విడిచి రోజు వేసుకుంటున్నారు. ఈ మధ్య మెట్లెక్కితే ఛాతీ బరువుగా ఉందంటున్నారు. ఏం చేయాలి?

జవాబు: ముందు ఆ ఛాతీ బరువు సంగతి చూడాలి. వాయిదా వేయకుండా ఈరోజే జిల్లా ఆసుపత్రికి తీసుకెళ్లి ఈసీజీ తీయించండి. కూర్చున్నప్పుడు కూడా బరువు తగ్గకపోయినా, చెమటలు పట్టినా, ఆయాసం వచ్చినా వెంటనే 108కి ఫోన్ చేయండి.

ఇక కుళాయి లెక్క. శరీరంలోని రక్తనాళాలు ఇనుప పైపులు కావు. బీపీ కొంత తగ్గితే గుండె నాళాలు తామే వెడల్పై రక్తం సరిపోయేలా చూసుకుంటాయి. పైగా గుండె కండరానికి రక్తం ఎక్కువగా అందేది అది కొట్టుకునేటప్పుడు కాదు, రెండు స్పందనల మధ్య వదులయ్యే వేళ. మెటోప్రొలాల్ గుండె వేగం తగ్గించి ఆ విరామాన్ని పెంచుతుంది. గుండెకు పని తగ్గుతుంది, ఆక్సిజన్ అవసరమూ తగ్గుతుంది. ఆమ్లోడిపిన్ నాళాలను సడలిస్తుంది. అందుకే ఈ రెండింటినీ గుండెనొప్పికి కూడా రాస్తాం.

మీ నాన్నగారి భయంలో కొంత నిజం లేకపోలేదు. గుండె నాళాల్లో పూడికలు ఉన్నవారికి కింది అంకె 60 కంటే బాగా దిగిపోతే రక్తం అందడం తగ్గవచ్చు. ఆయనకు 72 ఉండేది కాబట్టి ఆ దిగులు అక్కర్లేదు. అసలు ప్రమాదం మెటోప్రొలాల్‌ను ఉన్నట్టుండి మానడంలోనూ, ఇలా విడిచి విడిచి వేసుకోవడంలోనూ ఉంది. గుండె వేగం, బీపీ ఒక్కసారిగా పెరిగి నొప్పి తిరగబెట్టవచ్చు. ఇప్పటి ఛాతీ బరువుకు అదీ ఒక కారణం కావచ్చు, కానీ పరీక్ష చేయకుండా తేల్చలేం. మానిన రోజులకు కలిపి రెట్టింపు మాత్రలు మాత్రం వేయకండి. ఎలా తిరిగి మొదలుపెట్టాలో డాక్టరే చెబుతారు.

మీ వైపు చాలామంది ఒకసారి బరంపురంలో, ఇంకోసారి శ్రీకాకుళంలో చూపించుకుంటారు. రెండు చోట్ల రెండు బ్రాండ్లు రాస్తారు, లోపల మందు ఒకటే కావచ్చు. తెలియక రెండూ వేసుకుని కళ్లు తిరిగి పడినవాళ్లున్నారు. అందుకని ఆసుపత్రికి వెళ్లేటప్పుడు పాత చీటీలూ, మాత్రల అట్టలూ అన్నీ సంచిలో వేసుకెళ్లండి.