షట్టర్‌లో నూనె పోయకు అల్లుడూ

ఒరేయ్ అల్లుడూ,

తాతయ్య ట్రంకు పెట్టెలో దొరికిన అగ్ఫా ఐసొలెట్ మడత కెమెరా షట్టర్ కదలట్లేదని, చుక్క కొబ్బరి నూనె వేద్దామనుకుంటున్నానని రాశావు. ముందు ఆ సీసా తీసుకెళ్లి వంటింట్లో పెట్టేసి రా. ఒకదాని మీద ఒకటి జారే పల్చటి రేకులవి, పొడిగా ఉంటేనే కదులుతాయి, నూనె తగిలితే తడి కాగితాల్లా అతుక్కుపోతాయి. గుంటూరులో స్టూడియో పెట్టిన కొత్తలో నేనూ ఇదే పని చేశాను. కుట్టుమిషను నూనె వేస్తే రెండ్రోజులు బ్రహ్మాండంగా ఆడింది, మూడో రోజు పగటి పెళ్లిలో సరిగ్గా తలంబ్రాల దగ్గర రేకులు మూసుకోడానికి బద్ధకించాయి. ప్రింట్లు తీస్తే పెళ్లికూతురి మొహం సున్నం కొట్టిన గోడ. వాళ్లు డబ్బులివ్వలేదు, నేనూ అడగలేదు.

నీ కెమెరాకి ఇంకో జబ్బు కూడా ఉండే ఉంటుంది. ఫోకస్ రింగు తిరగట్లేదు కదూ? ఆ కెమెరాల్లో వాడిన ఆకుపచ్చ గ్రీజు ఏళ్లు గడిచేసరికి బంకలా గట్టిపడుతుంది. పటకారు పెట్టి తిప్పావో, ఇత్తడి మర పాడైపోతుంది. రింగు అంచున చిన్న స్క్రూలు మూడుంటాయి, వాచీలు బాగుచేసేవాళ్ల స్క్రూడ్రైవర్‌తో కాస్త వదులు చేస్తే రింగు పైకి వచ్చేస్తుంది. పూర్తిగా తీస్తే మాత్రం చీకటి పడేదాకా మంచం కింద వెతుక్కుంటావు. ఆ మర సందులో సిగరెట్ లైటర్‌లో పోసే పెట్రోలు రెండు చుక్కలు వేసి ఓ పూట వదిలెయ్యి, అది పూర్తిగా ఆరాక హెయిర్ డ్రయర్‌తో కాస్త వెచ్చచేసి తిప్పి చూడు, రాకపోతే మళ్లీ మొదటికి రా. బండి పెట్రోలు వద్దు, జిడ్డు మిగులుస్తుంది. కిటికీలు తీసిపెట్టు, దగ్గర్లో అగరొత్తి కూడా వెలిగించొద్దని అమ్మకి చెప్పు.

లెన్సులోని ముందు గాజు, మధ్య గాజు కలిసి ఊడొస్తే కంగారుపడకు, చాలామందికి అలాగే వస్తాయి. మర విడిపోయిన చోట సూదితో గీత పెట్టుకో, లేకపోతే తిరిగి బిగించేటప్పుడు ఏ వరసలో పట్టించాలో తెలీక ఏడుస్తావు. లెన్సు తీశాక షట్టర్‌ని బి (నొక్కినంతసేపూ తెరిచే ఉంచే గుర్తు) మీద తెరిచి, అదే పెట్రోలు అద్దిన దూది పుల్లతో రేకులు తుడువు, ఆరనియ్, నొక్కు, మళ్లీ తుడువు. పుల్ల తెల్లగా వచ్చేదాకా ఇంతే పని.

ఫోకస్ దగ్గర మాత్రం తొందరపడొద్దు. వెనక తలుపు తీసి ఫిల్మ్ ఉండే చోట ట్రేసింగ్ కాగితం బిగుతుగా అంటించి, బి మీద షట్టర్ తెరిచి పెట్టి, మీ విజయవాడ మేడ మీంచి గాంధీ కొండ స్తూపం వైపు తిప్పు. కాగితం మీద స్తూపం అంచులు భూతద్దంలో పదునుగా కనిపించేదాకా ముందు గాజు తిప్పి, అక్కడ ఆపి, రింగుని అనంతం గుర్తు (బాగా దూరంగా ఉన్నవాటికి పెట్టేది) మీద పెట్టి మూడు స్క్రూలూ కొంచెం కొంచెంగా మార్చి మార్చి బిగించు.

ఫిల్మ్ రోలు ఎక్కించే ముందు రాత్రి లైట్లన్నీ ఆర్పి, లెన్సు వెనకుండే తోలు మడతల లోపల టార్చి పెట్టి చూడు. మూలల్లో చుక్కల్లా వెలుగు కనిపిస్తే ఫోన్ చెయ్యి, ఏం చెయ్యాలో చెప్తాను.

మీ మావయ్య